చీర కుచ్చిళ్లలో ఇంకో మడత: ఒక కీళ్లవాతం కేసు

ఈ కేసు రాస్తానంటే ఆమె ఒప్పుకుంది. "నా పేరు రాయకున్రి మేడం, గంతే" అంది. పేరు రాయలేదు. ఊరు, బస్తీ, పనిచేసే ఇళ్లు తెలిసిపోయే వివరాలు తీసేశాను, ఒకటి రెండు మార్చాను. వైద్యానికి సంబంధించినవి ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేను కీళ్లవాతం డాక్టర్ని. హైదరాబాద్‌లో నా ప్రాక్టీసు కాక వారానికొకసారి ఒక ట్రస్టు క్లినిక్‌లో ఓపీ చూస్తాను. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, భవన నిర్మాణ కూలీలు, వాచ్‌మన్ల కుటుంబాలవాళ్లు. ఈ కేసులో వ్యాధి అరుదైనదేం కాదు, వాడిన మందులూ మాకు రోజూ చేతిలో ఉండేవే. అయినా వైద్యం దారిలో పడడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నర ఎలా పోయిందో రాసి పెట్టాలనిపించింది.

మొదటి రోజు

2022 ఆగస్టులో వచ్చింది. వయసు 52. నాలుగు ఇళ్లలో గిన్నెలు తోమడం, ఊడ్చి తుడవడం. ఏడేళ్లుగా చేతివేళ్లు, మణికట్లు, పాదాలు వాపు. "పొద్దుగాల రెండు గంటలదాంక పిడికిలి పడదు మేడం. నల్లా తిప్పాలన్నా మనుమరాలే తిప్పాలె." అయితే ఆ రోజు వచ్చింది చేతుల కోసం కాదు. మూడు వారాల కింద నీళ్ల బిందె ఎత్తబోతే నడుములో టక్కుమంది. అప్పట్నుంచి వంగితే ప్రాణం పోతోంది.

రెండు మణికట్లూ, చూపుడువేలు, నడిమివేలు మొదళ్లూ మెత్తగా ఉబ్బి ఉన్నాయి. వేళ్లన్నీ చిటికెనవేలి వైపు ఒరిగిపోయాయి. మొహం గుండ్రంగా ఉబ్బి ఉంది, ముంజేతుల చర్మం పల్చబడి అక్కడక్కడా నల్లగా కమిలిన మచ్చలు. ఆ చర్మం చూడగానే అడిగాను, ఏ గోళీలు వాడుతున్నారని. కొంగు ముడి విప్పి కాగితం పొట్లం తీసింది. బస్తీలోని ఆర్‌ఎంపీ ఇచ్చేది, మూడు రకాల గోళీలు కలిపి. అదృష్టం కొద్దీ ఒకదానికి కత్తిరించిన స్ట్రిప్ ముక్క అంటుకుని ఉంది: డెక్సామెథసోన్ 0.5 మిల్లీగ్రాములు. రోజుకు రెండు. ఆరేళ్లుగా. నొప్పి మరీ ఎక్కువైతే పైనుంచి ఒక ఇంజెక్షన్. డెక్సామెథసోన్ ఒక స్టెరాయిడ్. దాని 0.75 మిల్లీగ్రాములు మేం మామూలుగా వాడే స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్ 5 మిల్లీగ్రాములకు సమానం కాబట్టి, ఈమె ఆరేళ్లుగా రోజూ ఏడు మిల్లీగ్రాముల దాకా ప్రెడ్నిసొలోన్‌తో సమానమైన స్టెరాయిడ్ మింగుతోందన్నమాట.

రక్తపరీక్షల్లో ఈ జబ్బును పట్టిచ్చే యాంటీ-సీసీపీ బాగా ఎక్కువ, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్ఆర్ 78. వ్యాధి తీవ్రతను లెక్కగట్టే డీఏఎస్-28 స్కోరు 6.1. ఆ స్కోరు 5.1 దాటితేనే తీవ్రం అంటాం. ఇది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే రోగనిరోధక వ్యవస్థే కీళ్లను దెబ్బతీసే కీళ్లవాతం అనడంలో సందేహం లేదు.

నడుము మాత్రం ఆ లెక్కలో ఇమడలేదు. రుమటాయిడ్ మెడ ఎముకల దాకా పోతుంది గానీ నడుము జోలికి సాధారణంగా రాదు. అంటే ఇది వేరే సంగతి. మన దగ్గర ఇలాంటి మనిషికి నడుము నొప్పి, ఈఎస్ఆర్ ఎక్కువ అంటే ముందు వెన్నెముక టీబీ గుర్తుకు రావాలి. పైగా ఆరేళ్ల స్టెరాయిడ్ ఉంది. ఎక్స్‌రేలో ఛాతీ వెనక పూసల్లో చివరిదైన పన్నెండో వెన్నుపూస ముందువైపు నలిగి త్రికోణంలా ఉంది. పూసల మధ్య డిస్కులు బాగానే ఉన్నాయి. టీబీ అయితే సాధారణంగా డిస్కు కూడా తినేస్తుంది. రాత్రి జ్వరాలు లేవు, బరువు తగ్గలేదు. అయినా ఎంఆర్‌ఐ లేకుండా ముందుకు పోవడానికి ధైర్యం చాలలేదు. ప్రభుత్వాసుపత్రిలో దాని వంతు రావడానికి ఐదు వారాలు పట్టింది. చీము లేదు, గడ్డ లేదు. ఎముక సాంద్రత స్కాన్‌లో టీ-స్కోరు మైనస్ 3.8 వచ్చింది. మైనస్ 2.5 దగ్గరే బోలు ఎముకల జబ్బు అంటాం.

ఎత్తు కొలుద్దామని గోడ దగ్గర నిలబెట్టినప్పుడు ఆమె ఒక మాట అంది. "ఈ రెండేండ్ల సంది చీర నేలకు రాస్తాంది మేడం. కుచ్చిళ్లల్ల ఇంకో మడత ఎక్కువ పెడ్తున్న." విన్నాను, నవ్వి ఊరుకున్నాను. వెన్ను కుంగి మనిషి పొట్టి అవుతోందని ఆమె నాకంటే ముందే, తన చీరతో కొలిచి చెబుతోందని అర్థం కావడానికి ఎక్స్‌రే రావాల్సి వచ్చింది. ఆ రోజు గోడ మీద కొలత 144 సెంటీమీటర్లు.

ఎముక కథ ఎక్కడ మొదలైంది

ఆరేళ్ల స్టెరాయిడ్, ఏడేళ్ల రుమటాయిడ్. ఎముక విరగడానికి ఈ రెండూ చాలు. కేస్ షీట్‌లో అదే రాసి ఊరుకునేదాన్నే. కానీ 52 ఏళ్లకు మైనస్ 3.8 అంటే ఇంకేదో ఉండాలనిపించింది. ఎంఆర్‌ఐ రిపోర్టు పట్టుకుని వచ్చిన రోజు ఓపీ పల్చగా ఉంది. చిన్నప్పట్నుంచి చెప్పమని కూర్చోబెట్టాను.

పాలమూరు వైపు ఊరు. వానలు లేని ఏళ్లలో ఊరు ఊరంతా వలస. "మా నాయినోళ్లు మేస్త్రీ కాడ పైసలు తీసుకుని ఆర్నెల్లకు పోతుండిరి. పదేండ్లప్పటి సంది నేనూ పోతుంటి. మట్టి తట్టలు మోస్తుంటి." బడికి పోలేదు. తిండి జొన్న గట్క, పచ్చిపులుసు, పండిన రోజు పప్పు. పాలు తాగేవారా అంటే, "పాలు చాయ్‌ల సూసినం మేడం" అంది. పదిహేనేళ్లకు పెళ్లి, పదహారుకు మొదటి కాన్పు, ఇరవై రెండు నిండేసరికి ముగ్గురు పిల్లలు.

ఎముక గట్టిదనం దాదాపు ముప్పై ఏళ్ల లోపు కూడబెట్టుకునేదే. ఆ తర్వాత ఉన్నది ఖర్చు పెట్టుకోవడమే. ఈమె కూడబెట్టుకోవాల్సిన వయసులో కాల్షియం లేదు, మాంసకృత్తులు లేవు, ఉన్న కొంచెం కూడా వరుస కాన్పులకు, చనుబాలకు పోయింది.

అసలు దెబ్బ 28వ ఏట పడింది. తెల్లబట్ట అవుతోందని ఒక నర్సింగ్‌హోమ్‌కు పోతే గర్భసంచి తీసేశారు. "పిల్లలైపోయిన్రు గదా, ఉంటే క్యాన్సర్ అయితదన్నరు." మేస్త్రీ దగ్గర వడ్డీకి తెచ్చి కట్టారు. ఆ అప్పు తీర్చడానికే కుటుంబం హైదరాబాద్ చేరింది. అండాశయాలు కూడా తీశారా? కాగితాలు లేవు. 52 ఏళ్లప్పుడు హార్మోన్ పరీక్ష చేసినా తేలదు. అందుకే వేరేలా అడిగాను: ఆపరేషన్ అయ్యాక ఒంట్లో ఆవిర్లు వచ్చాయా? "నెల తిరగకముందే. ఒళ్లంత మండుతుండె, రాత్రిపూట చెమట్లు. పథ్యం జేయక గట్లయిందని మా అత్త తిడ్తుండె." స్కానింగ్‌లో అండాశయాలు కనిపించలేదు. అంటే 28 ఏళ్లకే ముట్లుడిగిన శరీరం. ఎముకను కాపాడే ఈస్ట్రోజెన్ లేకుండా పాతికేళ్లు మోసింది, బరువులతో సహా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందు వరసలో ఉన్నాయి. నా ఓపీలో నలభై దాటిన ప్రతి స్త్రీనీ ఇప్పుడు ఈ ప్రశ్న అడుగుతున్నాను. అంతకుముందు ఆపరేషన్లేమైనా అయ్యాయా అని అడిగేదాన్ని, అవునంటే ఒక మాట రాసుకుని ముందుకు పోయేదాన్ని.

ఎముకను కాపాడే మందుల్లో ఈమెకు ముందున్న దారులు రెండు. వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర, లేదా ఏడాదికొకసారి నరానికెక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్. మాత్ర పరగడుపున గ్లాసెడు నీళ్లతో వేసుకుని అరగంట సేపు పడుకోకూడదు, వంగకూడదు, ఏమీ తినకూడదు. ఈమె ఐదున్నరకు లేచి ఆరింటికి మొదటి ఇంట్లో వంగి ఊడుస్తుంది. కాబట్టి ఏడాది సూదే నయమనుకున్నాను. విటమిన్ డి 9 ఉంది, అంటే బాగా తక్కువ, ముందు దాన్ని సరిచేయాలి. లేకపోతే సూది తర్వాత రక్తంలో కాల్షియం పడిపోవచ్చు. కిడ్నీలు బాగున్నాయి, పళ్లు చూపించాం. 2023 జనవరి చివర్లో ఎక్కించాం.

ఆ నిర్ణయం సరైందే. పెట్టిన రోజే సరైంది కాదు. మొదటిసారి ఎక్కించినప్పుడు చాలామందికి ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. ఈమెకూ వచ్చాయి. రెండు రోజులు పనికి పోలేదు. ఒక ఇంటివాళ్లు వేరే మనిషిని పెట్టుకున్నారు. ఈ సంగతి నాకు ఏడాది తర్వాత తెలిసింది.

పనిచేయని వైద్యం

కీళ్ల విషయంలో నేను వరసగా రెండు పొరపాట్లు చేశాను.

విరిగిన పూస చూశాక స్టెరాయిడ్ మీద కోపం వచ్చింది. కీళ్లవాతానికి వారానికొకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు మొదలుపెట్టి, ఆ పొట్లం పారేయించి, ప్రెడ్నిసొలోన్ 7.5తో మొదలుపెట్టి ఆరు వారాల్లో పూర్తిగా ఆపించాను. మెథోట్రెక్సేట్ పట్టుకోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆరేళ్లు బయటి స్టెరాయిడ్ తిన్న శరీరంలో, ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథి తన పని మర్చిపోయి ఉంటుంది. రెండూ నాకు తెలుసు. అయినా ఎముక భయంలో తొందరపడ్డాను. ఏడో వారం ఆమె కళ్లు తిరిగి, వాంతులై, కీళ్లన్నీ మళ్లీ ఉబ్బి పడిపోయింది. రాత్రి తొమ్మిదింటికి తెరిచి ఉండేది ఆర్‌ఎంపీ దుకాణమే. మళ్లీ పొట్లం. తర్వాతి వారం వచ్చినప్పుడు కోప్పడ్డాను. ఆ కోపం ఎంత ఖరీదైందో అప్పుడు తెలియలేదు. ఆ రోజు నుంచి నాకు ఏది చెప్పాలో ఏది దాచాలో ఆమె చూసుకోవడం మొదలుపెట్టింది.

రెండోది మెథోట్రెక్సేట్. నాలుగు నెలలైనా స్కోరు దిగలేదు. 20కి పెంచాను. దిగలేదు. 2023 అక్టోబరులో కీళ్లవాతానికే వాడే ఇంకో మందు లెఫ్లునమైడ్ కలిపాను. అదీ లాభం లేదు. కేస్ షీట్‌లో నా రాత: "మందులు సరిగా వాడడం లేదేమో. కౌన్సెలింగ్ ఇచ్చాను." మధ్యలో రెండు అపాయింట్‌మెంట్లు తప్పింది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేకుండా పోవడంతో, ఇక రాకపోకల ఖర్చు లేదు, వస్తుందిలే అనుకున్నాను. జనవరిలో ఎముకల సూది వేయాల్సిన రోజు కూడా రాలేదు. అప్పుడు తట్టింది, ఆమెకు ఖరీదైనది టికెట్ కాదేమోనని.

2024 ఫిబ్రవరిలో వచ్చింది. మామూలు మందులకు లొంగకపోతే ఇచ్చే, రోగనిరోధక శక్తిని అణిచే బయోలాజిక్ మందుల గురించి ఆలోచిస్తున్నాను, వాటికి ముందు చేసే టీబీ పరీక్షకు రాస్తున్నాను. రక్తం తీస్తూ మా నర్సమ్మ మాటల్లో అడిగింది.

"అక్కా, వారం గోళీ ఏ రోజు ఏసుకుంటున్నవ్?"

"ఐతారం రాసిన్రు గదా."

"ఏసుకుంటున్నవా మరి?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. ఆదివారం వేసుకుంటే సోమవారం కడుపులో తిప్పుతుంది. ఆదివారం ఆ ఇళ్లకు చుట్టాలొస్తారు, సోమవారం పొద్దున సింకు నిండా రెండు పూటల గిన్నెలు. మసాలా వాసన తగిలితే వాంతి. అందుకే పని తక్కువున్న వారం మాత్రమే వేసుకుంటోంది. లెక్కేస్తే పదహారు వారాల్లో ఐదుసార్లు. లెఫ్లునమైడ్‌తో విరేచనాలయ్యాయి, పది రోజులకే మానేసింది. "నాలుగిండ్లల్ల ఒక్కింట్లనే బాత్రూం వాడనిస్తరు మేడం. ఆ ఇల్లు ఆఖర్ది."

ఆదివారం అని రాసింది నేనే. ఆదివారం సెలవు ఉండే పేషెంట్లకు రాసే అలవాటులో రాశాను.

థియొడోర్ పింకస్, లీ కాలహాన్ అనే అమెరికన్ పరిశోధకులు 1985లోనే చూపించారు: రుమటాయిడ్ ఉన్నవాళ్లలో చదువు తక్కువున్నవారికి జబ్బు ఎక్కువ ముదిరింది, మరణాలూ ఎక్కువ. నార్త్ కరోలినాలోని జాన్స్టన్ కౌంటీలో 1990ల నుంచి సాగిన అధ్యయనంలో కీళ్ల అరుగుదల విషయంలోనూ చదువు, చేసే పని మనుషుల నొప్పితో ముడిపడి కనిపించాయి. పీజీ రోజుల్లో దీన్ని చదివి, చదువు లేనివాళ్లు చీటీ చదవలేరు కాబట్టి అని సరిపెట్టుకున్నాను. ఈమె చీటీ సంగతి నర్సమ్మ నోటితో చెబితే చాలు, అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుంటుంది. చదువు లేకపోవడం ఆమెకు పదేళ్లప్పుడు తట్టను, పదిహేనుకు పెళ్లిని, 28కి ఎదురు ప్రశ్న వేయలేని ఆపరేషన్‌ను, 52కి సెలవు లేని సోమవారాన్ని తెచ్చింది. నా మందు ఓడింది ఆ సోమవారం దగ్గర.

మళ్లీ మొదట్నుంచి

బయోలాజిక్ ఆలోచన పక్కన పెట్టాను. మూడు నెలలు నిజంగా వాడకుండా మెథోట్రెక్సేట్ పనిచేయలేదని అనడానికి వీల్లేదు. పైగా టీబీ భయమున్న ఇరుకు గదిలో, నెలనెలా దొరుకుతుందన్న నమ్మకం లేని మందు మొదలుపెట్టడం మంచిది కాదు.

ఒక కాగితం మీద ఆమె వారాన్ని గీశాం. ఏ రోజు ఎన్ని ఇళ్లు, ఎన్నింటికి, ఎక్కడ గిన్నెలు ఎక్కువ. బుధవారం పొద్దున రెండే ఇళ్లు, అదీ తొమ్మిది తర్వాత. అందుకని మంగళవారం సాయంత్రం ఖాయం చేశాం. గోళీ బదులు చర్మం కింద ఇంజెక్షన్, 15 మిల్లీగ్రాములు. దీంతో కడుపులో తిప్పడం తగ్గొచ్చు, వేశారో లేదో మాకు తెలుస్తుంది, పొరపాటున రోజూ వేసుకునే ప్రమాదం అసలే ఉండదు. మెథోట్రెక్సేట్‌తో ఆ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. ఆమె ఇంటి దగ్గర ఉండే మా నర్సమ్మ పని దిగి పోతూ వేసేది. గురువారం ఫోలిక్ యాసిడ్. రక్తపరీక్షలు దగ్గరి బస్తీ దవాఖానాలో, తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా ఉచితంగా. మా క్లినిక్‌కు నెలనెలా రానక్కర్లేదు, మూడు నెలలకోసారి చాలు. కల్లు సంగతి కూడా అప్పుడే అడిగాను, మొదటిసారి. పండక్కి మాత్రమే అంది. లివర్ పరీక్షలు బాగానే ఉన్నాయి కాబట్టి ఆ వారం ముందుగా చెప్పమన్నాను.

ఆర్‌ఎంపీ దగ్గరికి నేనే వెళ్లాను. గొడవ పెట్టుకోవడానికి కాదు. "మేడం, ఆమె రాత్రి తొమ్మిదిన్నరకొస్తది. పొద్దున ఆరింటికి పనికి పోవాలె. మీరుంటరా ఆ టైంకు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అతను ఇచ్చే మందు ఆమె ఎముకలను ఎలా తిన్నదో ఎక్స్‌రే పెట్టి చూపించాను. చాలాసేపు చూశాడు. స్టెరాయిడ్ పొట్లం, ఇంజెక్షన్ ఇవ్వననీ, నొప్పి ఎక్కువైతే నాకు ఫోన్ చేస్తాననీ ఒప్పుకున్నాడు. నోట్లో పుళ్లు, జ్వరం కనిపిస్తే ఆ వారం మెథోట్రెక్సేట్ సూది ఆపి పంపమన్నాను. ఈ రెండేళ్లలో నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఒకసారి నోటి పుళ్లకే. మిగతా పేషెంట్లకు అతను పొట్లాలు మానేశాడో లేదో చెప్పలేను.

స్టెరాయిడ్ ఈసారి నెమ్మదిగా తగ్గించాం. మెథోట్రెక్సేట్ సూది మూడు నెలలు పనిచేశాక మొదలుపెట్టి, రెండు నెలలకు 2.5 చొప్పున, మధ్యలో రోజు మార్చి రోజు. 2.5 దగ్గర ఆగింది. పూర్తిగా మానేస్తే నీరసం. ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ కార్టిసాల్ పొద్దున తీసిన పరీక్షలో ఇంకా తక్కువే ఉంది. అందుకని ఆ కొంచెం కొనసాగిస్తున్నాం. జ్వరమొస్తే స్టెరాయిడ్ ఆపకూడదని, రెట్టింపు చేసి ఫోన్ చేయాలని నేర్పాం.

మా ఫిజియోథెరపిస్టు ఆమె ఇంటికి వెళ్లి ఒక సంగతి పట్టుకొచ్చింది. మణికట్టుకు అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తడిబట్ట పిండడం. రెండు చేతులతో మెలిపెట్టినప్పుడు వేళ్లన్నీ చిటికెన వైపే ఒరుగుతాయి, జబ్బు వాటిని లాగే దిక్కు కూడా అదే. బట్టను నల్లాకు చుట్టి, రెండు కొసలూ కలిపి పట్టుకుని, ముంజేతులతో తన వైపుకు లాగుతూ మెలిపెట్టడం నేర్పింది. రెండు రోజుల్లో వచ్చేసింది. నిలబడి తుడిచే కర్ర కోసం ఇళ్లవాళ్లను అడగమన్నాం. ఒకరు వెంటనే కొన్నారు. ఒకరు మూలలు శుభ్రంగా రావన్నారు. ఆ ఇల్లు ఆమే వదిలేసింది, జీతం తగ్గింది.

రెండో జోలెడ్రోనిక్ సూది 2025 సంక్రాంతి వారంలో ఎక్కించాం. ఆ వారం నగరం సగం ఖాళీ. ఆమె పనిచేసే ఇళ్లవాళ్లు ఊళ్లకు పోతారు. సూది ప్రభావం ఏడాది దాటాక కూడా కొంతకాలం ఉంటుంది కాబట్టి ఆలస్యం ఎముకకు పెద్దగా చేటు చేయలేదు. ఈసారి ఒక పూటే జ్వరం వచ్చింది, ఆ పూట ఇంట్లో పడుకుంది.

ఇప్పుడు

2024 జులైలో స్కోరు 3.9. 2025 జనవరిలో 2.9, ఈఎస్ఆర్ 30. కొత్తగా ఏ ఎముకా విరగలేదు. పొద్దున్నే పిడికిలి పడుతోంది, నల్లా తనే తిప్పుకుంటోంది. ఒరిగిన వేళ్లు ఒరిగినట్టే ఉన్నాయి, అవి ఇక తిరిగి రావు. మా నర్సమ్మ ప్రసవం సెలవులోకి వెళ్లాక మూడు వారాలు సూది తప్పి వాపు మళ్లీ తిరగబెట్టింది. ఒక్క మనిషి మీద ఆధారపడిన ఏర్పాటు ఎంత బలహీనమో అప్పుడు చూశాను. ఇప్పుడు సూది వేయడం ఆమె కోడలికి నేర్పించాం.

పోయిన నెల మంగళవారం వచ్చినప్పుడు మనుమరాలు వెంట ఉంది. పదమూడేళ్లు. బడి రోజు గదా అంటే ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత తెలిసింది: అవ్వకు చేతకాని రోజుల్లో రెండిళ్ల గిన్నెలు ఈ పిల్లే తోముతోంది, బడి ఎగ్గొట్టి. హిమోగ్లోబిన్ తీయిస్తే 8.9. ఐరన్ మొదలుపెట్టాం, బడి టీచరుతో ఫోన్‌లో మాట్లాడాను, అవ్వకు బాగాలేని రోజుల్లో గిన్నెలు తామే కడుక్కోవడానికి ఒక ఇంటివాళ్లు ఒప్పుకున్నారు. రెండో ఇంటివాళ్లతో ఇంకా మాట్లాడాలి.

పోయేముందు పిల్లను అదే గోడ దగ్గర నిలబెట్టాను. 141 సెంటీమీటర్లు. దానికి వేరే కేస్ షీట్ తీయలేదు, అవ్వ షీట్‌లోనే, 144 రాసిన గడి కింద రాశాను.